ఆశా డైరీలో లేని లెక్క: నా గంటలు, నా ఆటో పైసలు

ఆ పుస్తకంలో పేజీకి ఏడు గడులు. టైము, ఎక్కడ, ఏ పని, ఎవరి కోసం, ఎంత దూరం, ఎలా వెళ్లారు, ఎంత ఖర్చయింది. హైదరాబాద్‌లో పబ్లిక్ హెల్త్ చదువుతున్న ఒక అమ్మాయి మా పీహెచ్‌సీ నెల మీటింగుకు వచ్చి తలా ఒకటి చేతిలో పెట్టింది. మాలాగా ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం పని చూసే ఆశా వర్కర్లు రోజంతా ఏం చేస్తారు, అందుకు వాళ్ల సొంత పైసలు ఎన్ని పోతాయి అన్నది ఆమె చదువులో రాయాల్సిన అంశమట. ఒక నెల రాసిస్తే చాలంది. "ఇంకో రిజిస్టరా తల్లీ!" అని మా వాళ్లలో కొందరు అక్కడే బల్ల మీద పెట్టేసి పోయారు. వాళ్లను నేను తప్పు పట్టను.

నేను తీసుకున్నాను. రాత మాకు కొత్త కాదు. ఇంటింటి సర్వే, గర్భిణుల పేర్లు, టీకాలు వేయించాల్సిన పిల్లల డ్యూ లిస్టు, బీపీ షుగర్ ఉన్నవాళ్ల లిస్టు, పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, అన్నీ మా చేతి రాతే. కానీ అవన్నీ ఊరి లెక్కలు. నేనెంతసేపు తిరిగాను, నా పర్సులోంచి ఎంత పోయింది అని పదేళ్లు దాటిన ఈ పనిలో నన్నెవరూ అడగలేదు. ఇంట్లో మా ఆయన అడుగుతాడు గానీ, అది వేరే రకం అడగడం.

మాది పటాన్‌చెరు వైపు. సగం ఊరు, సగం కాలనీ. పాత ఊళ్లో పని ఒక తీరు. ఏ కోడలు నెల తప్పిందో నాకంటే ముందే కిరాణా కొట్టు అవ్వకు తెలుస్తుంది, ఆమె నాకు చెబుతుంది. ఫ్యాక్టరీల వెనక లేచిన కాలనీల్లో అలా కుదరదు. రేకుల గదులు వరసగా ఉంటాయి, గదికి నలుగురైదుగురు. బిహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు, బెంగాల్ వాళ్లు, మన శ్రీకాకుళం వాళ్లు. మగవాళ్లకు షిఫ్టులు, ఆడవాళ్లలో కూడా చాలామంది ప్యాకింగ్‌కు పోతారు. పోయిన నెల పేరు రాసుకున్న కుటుంబం ఈ నెల ఆ గదిలో ఉండదు. కొత్తగా దిగినవాళ్లు తలుపు సందులోంచి చూసి "క్యా చాహియే?" అంటారు. 2005లో ఈ పథకం పెట్టినప్పుడు పల్లెల్లో వెయ్యి మందికి ఒక ఆశా అనుకున్నారు. దేశంలో జనాభా లెక్కలు చివరిసారి పూర్తయింది 2011లో. ఆ తర్వాత మా దగ్గర కట్టిన గదులు ఎవరి వెయ్యిలోకి వస్తాయో గానీ, తిరిగే బాధ్యత మాత్రం నాకు వచ్చింది.

రాయడం మొదలుపెట్టిన రోజే చిక్కు వచ్చి పడింది. పుస్తకంలో పేజీ పొద్దున ఆరింటికి మొదలవుతుంది. నా రోజు అంతకు ముందే మొదలైంది. నైట్ షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన ఫోను. భార్యకు కడుపులో నొప్పి, ఏడో నెల, 108కి చేయాలా వద్దా అని. నొప్పి ఉండుండి వస్తోందా, ఒకటే తీరుగా ఉందా, నీరు పోతోందా, బిడ్డ కదులుతోందా అని నాకొచ్చిన హిందీలో అడిగాను. ఏఎన్ఎం సిస్టర్‌ను నిద్ర లేపి ఆమె చెప్పింది విని, మళ్లీ ఆయనకు చేసి చెప్పాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. దీన్ని ఏ గడిలో రాయాలి? ఎక్కడ అంటే మా వంటింట్లో. ఎంత దూరం అంటే సున్నా. ఎంత ఖర్చు అంటే, పాలు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగితే, "ఆరుకు ముందు జరిగింది పక్కన మార్జిన్లో రాయండక్కా" అంది. నెల తిరిగేసరికి నా పుస్తకంలో మార్జిన్లే ఎక్కువ నిండాయి.

బుధవారం, శనివారం టీకాల రోజులు. ఒక బుధవారం పేజీ చూస్తే నాకే నవ్వొచ్చింది. తొమ్మిది నుంచి పది వరకు: 'పిల్లల తల్లులను అంగన్‌వాడీకి పిలవడం'. రాసింది అంతే. ఆ గంటలో జరిగింది ఇదీ. డ్యూ లిస్టులోని మొదటి ఇంటికి పోతే తల్లి స్నానానికి పోయింది, కొళాయి దగ్గర వరస ఉంది, ఆగాను. ఆగినంతసేపూ పక్క గదిలో పెద్దాయన బీపీ గోలీలు అయిపోయాయని ఖాళీ షీటు చూపించాడు, రాసుకున్నాను. ఇంకో ఇంట్లో, పోయినసారి సూదికి పిల్లాడికి జ్వరం వచ్చింది, ఈసారి వద్దంటాడు తండ్రి. ఆయనకు నచ్చజెప్పడానికి పట్టిన టైములో నాలుగిళ్లు తిరగొచ్చు. కానీ అలా వదిలేసి పోతే ఆ పిల్లాడు నెలల తరబడి డ్యూ లిస్టులోనే ఉండిపోతాడని నాకు తెలుసు. ఈలోగా సూపర్‌వైజర్ మేడం ఫోను, సెషన్ ఫొటో జీపీఎస్‌తో ఇంకా గ్రూపులో పడలేదని. ఒక అవ్వ చెయ్యి పట్టుకుని తన పింఛను ఎందుకు ఆగిందో కనుక్కోమంది. పింఛనుకీ నాకూ ఏ సంబంధమూ లేదు. అయినా ప్రభుత్వం తరఫున ఆ గడప తొక్కే మనిషిని నేనొక్కదాన్నే కదా, ఇంకెవరిని అడుగుతుంది?

"ఒక గంటలో ఐదారు పనులు చేస్తే ముఖ్యమైనది రాయాలి" అని పుస్తకం వెనక నియమం ఉంది. టీకాలే ముఖ్యం, కాబట్టి అదే రాశాను. మిగతావి గాలికి పోయాయి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఎదురుచూడడం. కాలనీలో పగలు పది గదులు కొడితే సగానికి పైగా తాళాలే. మళ్లీ సాయంత్రం ఏడు దాటాక పోవాలి, లేకపోతే ఆదివారం. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ బీడీ, సిగరెట్టు, మందు అలవాట్లు, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగర్ ఉందా అని అడిగి నింపే సీబ్యాక్ ఫారం ఉంటుంది. ఒక్కోదానికి పది రూపాయలు. అవతల మనిషి దొరికితే ఫారం తేలికే. దొరకడానికి మూడు పూటలు పట్టిన మనిషికీ పదే, మొదటిసారికే దొరికిన మనిషికీ పదే. గర్భిణిని స్కానింగ్‌కు తీసుకుపోతే ఓపీ చీటీ దగ్గర ఒక వరస, స్కానింగ్ గది బయట ఇంకో వరస. డాక్టర్ కాన్పు కేసులోకి పోతే అందరం గోడకు ఆనుకుని కూర్చోవడమే. ఆ పూటంతా నా పుస్తకంలో ఒక్క ముక్క: 'స్కానింగ్'.

ఇక ఖర్చులు. చెప్పుకోవాలంటే సిగ్గుపడేంత చిన్నవి, కానీ ఆగవు. పుట్టిన బిడ్డ ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, తర్వాత 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి, బిడ్డను తూచి, జ్వరం చూసి, బొడ్డు చూసి, తల్లి పాలు ఇస్తోందా అని చూడాలి. ఆరుసార్లూ పూర్తయితే 250 రూపాయలు. అంటే ఒకసారికి నలభై రెండు కూడా పడదు. మెయిన్ రోడ్డు నుంచి చివరి కాలనీకి షేర్ ఆటో పోను ఇరవై, రాను ఇరవై. ఈ కూడిక నేను ఎన్నడూ చేయలేదు. పుస్తకంలో రెండూ పక్కపక్కన రాసినప్పుడు గానీ కంటికి ఆనలేదు. అందుకే ఎండ లేని రోజు నడుస్తాను. నడిస్తే పైసలు మిగులుతాయి, గంట పోతుంది.

ఇందులో కూడా ఊరికీ కాలనీకీ తేడా ఉంది. మన ఆడపిల్లలు తొలి కాన్పుకు పుట్టింటికి పోతారు. మూడో నెల నుంచి చెకప్‌లకు తిప్పింది నేనైతే, బిడ్డను తూచేది వాళ్లమ్మ ఊరి ఆశా. అదేవిధంగా మా ఊరి ఆడపిల్లలు అత్తగారిళ్ల నుంచి కాన్పుకు ఇక్కడికి వస్తారు కాబట్టి, ఇటు పోయింది అటు వస్తుంది. కానీ ఒడిశా అమ్మాయి ఎనిమిదో నెలలో రైలెక్కి ఊరెళ్లిపోతే, ఆమెకు బదులు నాకు అక్కడి నుంచి ఎవరూ రారు. ఆమె మీద అన్ని నెలలు పెట్టిన తిరుగుడు చేసిన పనికి పైసలు అడిగే నా క్లెయిమ్‌లో సగంలో తెగిపోతుంది.

2023 డిసెంబర్ 9 నుంచి మాకు ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. మీటింగులకు, పెద్దాసుపత్రికి పోయే ఖర్చు దానితో బాగా తగ్గింది. ఆ మాట పుస్తకంలో కూడా రాశాను. కానీ బస్సు మెయిన్ రోడ్డు వదిలి లోపలికి రాదు, నా తిరుగుడంతా లోపలే. కాన్పు కేసుతో వెళ్లేటప్పుడు 108 నన్నూ ఎక్కించుకుంటుంది. తిరిగి దింపే బండి ఏదీ లేదు. రాత్రి పదకొండు దాటాక ఆసుపత్రి గేటు బయట షేర్ ఆటో దొరకదు, ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. లేకపోతే తెల్లవారేదాకా వార్డు వరండాలో కూర్చోవాలి. నేను రెండూ చేశాను. ఆ నెల ఖర్చుల్లో పెద్ద అంకెలన్నీ ఇలాంటి రాత్రులవే.

తర్వాతది ఫోను. 2024 జూలైలో రీచార్జ్ రేట్లు పెరిగాయి. ఇరవై ఎనిమిది రోజులకు మూడు వందలు దాటుతుంది, డేటా అయిపోతే పైన ఇంకో ప్యాక్. ఫొటోలు, గూగుల్ షీట్లు, జూమ్ మీటింగులు అన్నీ అందులోంచే. జిరాక్స్ కాగితానికి రెండు రూపాయలు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, స్కానింగ్ రిపోర్టు, ఎవరి దగ్గరా కాపీ ఉండదు, "నువ్వే తీయించక్కా, తర్వాత ఇస్తా" అంటారు. కొందరు ఇస్తారు. థర్మామీటరుకు, బరువు చూసే మిషన్‌కు సెల్లులు. ఆసుపత్రిలో పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చున్న గర్భిణికి ఇడ్లీ. ఈ ఇడ్లీని 'ఖర్చు'లో రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాశాను. ఆమె భర్త డ్యూటీలో ఉన్నాడు, పక్కన ఉన్నది నేను. నేను తిని ఆమెను చూస్తూ కూర్చోమంటారా?

ఒక టీబీ కేసు గురించి చెప్పాలి, పుస్తకంలో అది ఒక్కటే చాలా పేజీలు తిన్నది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు, ఫౌండ్రీలో పని. వారాల తరబడి దగ్గు. గదిలో ఉన్న మిగతావాళ్లు తెలిస్తే బయటికి పంపుతారని భయం. తెమడ డబ్బా ఇచ్చి, పొద్దున్నే తీసిన తెమడ పట్టమని చెప్పి, మర్నాడు దాన్ని నేనే కవర్లో చుట్టి పీహెచ్‌సీకి తీసుకుపోయాను. ఆటోలో పక్కన కూర్చున్నావిడ "ఏం తీసుకపోతున్నవక్కా?" అంటే "శాంపిల్" అని ఊరుకున్నాను. పాజిటివ్ వచ్చింది. మందులు మొదలుపెట్టించడం, గదిలో వాళ్లందరికీ పరీక్షలు చేయించడం, గది ఓనర్‌కు నచ్చజెప్పడం. టీబీ మందులు వాడేవాళ్లకు పోషకాహారం కోసం నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి, 2024 నవంబర్‌కు ముందు ఐదు వందలుండేది. అవి రావాలంటే బ్యాంకు ఖాతా కావాలి. కుర్రాడి పాస్‌బుక్కు ఊళ్లో వాళ్లమ్మ దగ్గర. వాళ్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఖాతా నంబరు మసకగా ఉంది, మళ్లీ తీయించాను. మామూలు టీబీ మనిషి కోర్సు పూర్తి చేస్తే ఆశాకు 1,000 రూపాయలు. రెండు నెలలు గోలీలు సరిగ్గా మింగి, దగ్గు తగ్గగానే ఇంకో జిల్లాలో పని దొరికిందని వెళ్లిపోయాడు. అక్కడి వాళ్లకు పేరు బదిలీ చేయించాం. మందులు ఆపకుండా వాడుతున్నాడా అని ఇప్పటికీ అప్పుడప్పుడు నేనే ఫోన్ చేస్తాను. నాకు ఆ వెయ్యి పోయిందన్న బాధ కంటే, గోలీలు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందన్న భయం ఎక్కువ.

నెలాఖరుకు క్లెయిమ్ ఫారం. చేసిన పనులన్నీ వరసగా రాసి, ఏఎన్ఎం సంతకం, పైన ఇంకో సంతకం. తెలంగాణలో 2022 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వుతో మాకు నెలకు 9,750 రూపాయల దాకా పారితోషికం అయింది. ఆంధ్రలో ఆశాలకు 2019 నుంచి పది వేలు. 2025లో అక్కడ లక్షన్నర దాకా గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు కూడా ప్రకటించారు. మా వాళ్లు అడుగుతున్నది 18 వేల స్థిర వేతనం. ఉద్యోగులం కాము, స్వచ్ఛంద కార్యకర్తలం గనుక మాకు తిరుగుడు ఖర్చు (టీఏ) లేదు, పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు. మాలాంటి స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని భారత కార్మిక సదస్సు సిఫార్సు చేసింది 2013లో. మా ఆడపడుచు కంపెనీలో ప్యాకింగ్‌కు పోతుంది. ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైం పైసలు, చెయ్యి తెగితే ఈఎస్‌ఐ దవాఖాన. ఆమె నన్ను చూసి "ఎందుకు వదినా ఈ తిరుగుడు" అంటుంది.

ఆ మాటకొస్తే మాకు గౌరవం తక్కువేమీ కాలేదు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా ఆశాలందరికీ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో పడింది. దాని కిందనే 'ఫీవర్ సర్వే రిపోర్టు ఎవరెవరు పంపలేదు?' అన్న మెసేజ్ పడింది.

నెల అయ్యాక ఆ అమ్మాయి వచ్చింది. మా ఇంట్లోనే చాప మీద కూర్చుని, నాదీ, తండా వైపు పనిచేసే మా స్నేహితురాలిదీ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి రంగు పెన్నులతో గీతలు గీసింది. తిరుగుడుకు పచ్చ, మనుషులతో మాట్లాడి చేసిన పనికి నీలం, రాతకూ ఫోనుకూ ఎరుపు. స్నేహితురాలి పేజీలు పచ్చగా ఉన్నాయి. ఆమెకు ఇళ్లు తక్కువ, దూరాలెక్కువ, తండా నుంచి తండాకు నడకే. కానీ పోతే మనిషి దొరుకుతాడు. నా పేజీల్లో పచ్చ తక్కువే గానీ ఒకే గది నంబరు మళ్లీ మళ్లీ కనబడుతోంది. "ఈ గదికి ఎందుకక్కా ఇన్నిసార్లు?" అంటే, "తాళం" అన్నాను. ఎరుపు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. ఆ అమ్మాయి ఆగిపోయింది అక్కడే. ఒకే గర్భిణి పేరు నా రిజిస్టరులో ఒకసారి, ఏఎన్ఎం ట్యాబ్ కోసం కాగితం మీద ఒకసారి, గూగుల్ షీట్‌లో ఒకసారి, హైరిస్క్ అయితే గ్రూపులో ఇంకోసారి రాయాలి. ఒక చోట రాసింది ఇంకో చోటికి దానంతట అది పోదు.

"ఈ టైములో మీరు ఇంకేదైనా పని చేసుంటే ఎంత వచ్చేది?" అని అడిగింది. నా కుట్టు మిషన్ చూపించాను. ఇదివరకు పెళ్లిళ్ల సీజన్లో రాత్రిళ్లు కూర్చుని జాకెట్లు కుట్టేదాన్ని. చెప్పిన రోజుకు ఇవ్వలేకపోతే ఎవరూ మళ్లీ గుడ్డ తేరు. కాన్పు నొప్పులు నా కుట్టు గడువు చూసుకుని రావు. మిషన్ మీద ఇప్పుడు రిజిస్టర్లు పెట్టుకుంటున్నాను. ఆ అమ్మాయి దాన్ని కూడా రాసుకుంది, 'వదులుకున్న ఆదాయం' అని. అది ఖర్చు కిందికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

చేతి ఖర్చులన్నీ కూడితే పారితోషికంలో పదో వంతు దాటింది. రాత్రి కాన్పులు ఎక్కువ పడ్డ వారాలను మాత్రమే తీసుకుంటే ఇంకా ఎక్కువ. గంటలు ఎంతని ఆమె కూడి చెప్పింది గానీ, నేను ఆ అంకెను నమ్మను. నన్ను తక్కువ చేసి రాసింది ఆమె కాదు, ఆ గడులు. భోజనం చేస్తూ ఎత్తిన ఫోన్లు అందులో లేవు.

తర్వాతి నెల మీటింగులో మేం కొందరం పుస్తకాలు పట్టుకుని లేచాం. అరవలేదు, పేజీలు చదివాం. తెమడ డబ్బాలు మేం ఆటోల్లో మోయడం గురించి, ఒకే పేరు నాలుగు చోట్ల రాయడం గురించి, రాత్రి ఆటో గురించి అడిగాం. డబ్బాల సంగతి వెంటనే తేలింది. వారంలో రెండు రోజులు సబ్ సెంటర్ దగ్గరికే మనిషి వచ్చి తీసుకుపోతున్నాడు. గూగుల్ షీట్ రెండు నెలలు ఆపారు, మళ్లీ మొదలైంది. రాత్రి ఆటోకు బడ్జెట్‌లో పద్దు లేదన్నారు, పైకి రాశామన్నారు.

నేను పుస్తకం ఆపలేదు, కొంచెం మార్చాను. దూరం గడి కొట్టేసి ఆ చోట 'ఆగిన టైము' అని పెట్టుకున్నాను. ఆశాలు ఎవరైనా రాద్దామనుకుంటే నాకు తెలిసింది ఇంతే. ఆ రాత్రే రాయండి, మర్నాటికి ఇరవై రూపాయల ఆటోలు గుర్తుండవు. తాళం వేసిన ఇంటిని కూడా పోయినట్టే రాయండి. క్లెయిమ్ చేసే వీలున్న పైసలు ఒక పక్క, ఏ ఫారంలోనూ చోటు లేని పైసలు ఇంకో పక్క రాయండి. మీటింగులో చదవాల్సి వస్తే రెండో పక్కదే చదవండి.